పదకొండు రోజుల కాఫీ

జనవరి 17, శుక్రవారం

ఈ డైరీ కార్ఖానా శేటు మా ఆయన అంబదాస్‌కిచ్చాడు. మగ్గాలు రిపేరు చేసే మనిషికి డైరీ ఎందుకని అంబదాస్ నా ముందు పడేశాడు. సరే, నాకు రాసుకోవడానికి ఒక సంగతి ఉంది.

మొదటి పేజీలో పేపర్ కటింగ్ అంటించాను. గుజరాతీ పేపర్లో నా ఫొటో వచ్చింది! చేతిలో ఇత్తడి డబరా, వెనక మా దుకాణం బోర్డు. "డిండోలిలో ఆర్గానిక్ కాఫీ పోస్తున్న తెలుగు మహిళ" అని పైన పెద్ద అక్షరాల్లో వేశారు. కరెంటు తీగల మీద ఉత్తరాయణ్ పండగ పతంగుల దారాలు ఇంకా వేలాడుతున్నాయి, అవీ ఫొటోలో పడ్డాయి.

చాయ్ తప్ప మరోటి తాగని ఊరు ఈ సూరత్. రేకుల షెడ్డులో ఫిల్టర్ కాఫీ అమ్ముతానంటే నవ్విన వాళ్లే ఇవాళ పేపర్ పట్టుకొని వచ్చారు. అందరికీ కాఫీ పోశాను.

పొడి తెచ్చేది కిశోరన్న. అంబదాస్‌తో కలిసి నవాగామ్ గల్లీల్లో పెరిగాడు. ఈ షెడ్డు ఇప్పించింది ఆయనే, ప్రతి రాఖీకి నా చేత రాఖీ కట్టించుకునేదీ ఆయనే. దీపావళికి ముందు మొదటి ప్యాకెట్ తెచ్చి, "చెల్లె, అరకు కొండల కాఫీ. మందులు కొట్టనిది, పండించినోళ్లకు సరైన ధర ఇచ్చి కొన్నది. దీన్ని ఫెయిర్ ట్రేడ్ అంటరు" అన్నాడు. నాకు ఆ రెండో మాటే పట్టింది. పని చేసిన మనిషికి సరైన ధర. మగ్గం కూలి మీద పెరిగినదాన్ని కదా, పట్టదా మరి! ఆ రోజే "ఆర్గానిక్, ఫెయిర్ ట్రేడ్ కాఫీ" అని బోర్డు రాయించాను.

జనవరి 22

డాక్టర్ శ్రీప్రియ విశాఖ అమ్మాయి. ఉధనాలో పిల్లల ఆసుపత్రికి వెళ్తూ రోజూ మా దగ్గర ఆగుతుంది. ఈ రోజు గ్లాసు కింద పెట్టి అడిగింది.

"సుమన గారూ, ఇది అరకులో ఏ రైతు సంఘం వాళ్లదండీ? మా ఫ్రెండ్ వడోదరలో కేఫ్ పెడుతోంది. మీ పేరు చెప్పాను. ప్యాకెట్ వెనకాల సర్టిఫికెట్ నంబరు ఉంటుంది కదా, ఫొటో తీసి పంపండి."

నా పేరు వడోదర దాకా పోయిందన్నమాట. పంపుతానన్నాను.

జనవరి 23

నాయిన మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి ఇడ్లీల చట్నీకి ఎల్లిగడ్డలు ఒలుస్తాడు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపాడు. మగ్గాల మోతకు చెవులు సరిగ్గా వినపడకుండా అయ్యాక చీరల మార్కెట్లో ప్యాకింగ్ గదిలో ఎనిమిదేళ్లు చేశాడు. ఈ రోజు ఊరికే కాఫీ ప్యాకెట్ చేతిలోకి తీసుకొని, బొటనవేలితో లేబుల్ మూల గీరాడు. అది లేచింది.

"బిడ్డా, గీ స్టికర్ మనూరిదే."

"అది అరకు కాఫీ నాయినా."

"కాఫీ యాడిదో నాకెర్క లేదు. స్టికర్ మాత్రం సూరత్‌ది. ఎనిమిదేండ్లు చీరల డబ్బాలకు గివ్వే అతికిచ్చిన. గోరు తాకంగనే లేస్తది సూడు, అగ్గువ గమ్ము. ఈడ నేసిన చీరకే బనారస్ అని ఒకటి, కంచి అని ఒకటి. గీ చేతుల్తోనే అతికిచ్చిన."

"చాయ్ తాగెటోనివి, కాఫీ సంగతి నీకేం తెలుసు?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. బెంచీ మీద ఇద్దరు ఉన్నారు మరి.

ఆయన ప్యాకెట్ కింద పెట్టి మళ్లీ ఎల్లిగడ్డ అందుకున్నాడు.

పెద్దవాడైపోయాడు. ఇప్పుడు ప్రతిదీ అనుమానమే.

జనవరి 24

పని ఎక్కువ. ప్యాకెట్ వెనక చూడలేదు.

జనవరి 26, ఆదివారం

జెండా వందనానికి తెలుగు సంఘం వాళ్లు రెండు పెద్ద ఫ్లాస్కుల కాఫీ అడిగారు. నన్ను ముందుకు పిలిచారు. "సూరత్‌ల మనోళ్ల పేరు నిలబెట్టినవమ్మా" అని పెద్దమనిషి మైకులో చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అంబదాస్ వెనక నిలబడి ఫోన్‌లో వీడియో తీశాడు.

చాలా గర్వంగా అనిపించింది. నిజంగానే అనిపించింది.

జనవరి 28

స్టికర్ సూరత్‌దైతే ఏమైంది? కాఫీ అరకు నుంచి గోతాల్లో వచ్చి ఇక్కడ ప్యాక్ అయి ఉంటుంది. అలాగే చేస్తారు. అందరూ అలాగే చేస్తారట.

జనవరి 30

ఈ రోజు రద్దీ తగ్గాక గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, పైన ఒక చెంచా పొడి చల్లాను. ఇది మా స్కూల్లో సైన్స్ టీచర్ చూపించిన పని. మునిసిపల్ తెలుగు స్కూల్ అని చిన్నచూపు చూసేవారు కానీ అక్కడ నేర్చుకున్నది ఒక్కటీ మరిచిపోలేదు. కాఫీ అయితే కాసేపు తేలుతుంది. కాఫీలో కలిపే చికోరీ వేరు పొడి అయితే వెంటనే మునిగి, గోధుమ రంగు చారలు వదులుతుంది.

ప్యాకెట్ మీద "వంద శాతం కాఫీ" అని ఉంది. నేను చూస్తుండగానే సగం పొడి మునిగింది. చారలు గ్లాసు అడుగుదాకా దిగాయి.

తర్వాత నెట్ తెరిచి, ప్యాకెట్ వెనకున్న నంబరు ఫోన్‌లో కొట్టి చూశాను. ఆ సర్టిఫికెట్ ఎక్కడో పసుపు పండించే రైతులదట. పసుపు!

గ్లాసు మోరీలో పారబోశాను. అంతలో నలుగురు వచ్చారు. వాళ్లకు కాఫీ పోశాను. అదే పొడితో.

జనవరి 31

శ్రీప్రియ ఫొటో గుర్తు చేసింది. ఫోన్ కెమెరా పాడైందని చెప్పాను. చెప్తున్నప్పుడు ఫోన్ నా చేతిలోనే ఉంది, మా అంబదాస్ కొత్తగా కొనిచ్చినది. ఆమె దాని వంక చూసి, "సరేనండీ" అంది.

ఫిబ్రవరి 1

కాఫీ బాగా అమ్ముడైంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

కిశోరన్నను ఇంటికి రమ్మన్నాను. అంబదాస్ గడప దగ్గర కూర్చున్నాడు. నేను నీళ్ల గ్లాసు తెచ్చి అన్న ముందే పొడి చల్లాను. ఆయన దాన్ని చూడలేదు, నన్నే చూశాడు.

"చెల్లె, మొదటి రెండు నెల్లు అసలుదే తెచ్చిన. నీ రాఖీ మీద ఒట్టు. తర్వాత ఆడికెల్లి మాల్ ఆగిపోయింది. అప్పటికే నీ బోర్డు ఊరంతా తెల్సింది. బంద్ చేస్తే నీ ఇజ్జత్ పోతదని ఇంకో దిక్కుకెల్లి తెచ్చి నింపిన."

"నాకు చెప్పొద్దా అన్నా?"

"చెప్తే నువ్వు పోస్తుంటివా? అరె, ధంధా గిట్లనే ఉంటది. తాగెటోళ్లకు ఫరక్ తెల్సిందా? ఒక్కడన్న అడిగిండా?"

"ఒకామె అడిగింది."

"ఒకామె! ఆమెకేదో చెప్పి పంపియ్యి. పేపర్ల పడ్డవు, మైకుల పిలిచిన్రు. గిప్పుడు కాదంటే నిన్నే దొంగంటరు గాని నన్ను కాదు."

ఆయన చివర అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను బాగా కోసింది. వెళ్తూ, ఈసారి షాపింగ్ మాల్‌లో దొరికే మంచి డబ్బా తెస్తానన్నాడు. నేను వద్దన్నాను. అంబదాస్ గడప దగ్గర్నుంచి లేవలేదు. ఇన్నేళ్లలో స్నేహితుణ్ని అలా ఒక్కణ్నే పంపడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 3

పొద్దున మళ్లీ ఆ పొడే పోశాను. రాత్రికి మానేస్తానని తెలిసీ పోశాను.

సాయంత్రం అంబదాస్‌తో చెప్పాను, బోర్డు మీద నిజం రాద్దామని.

"ఎందుకే? ఊకె ఆర్గానిక్ అన్న మాట తుడిచేస్తే అయిపోతది గదా. ఎవ్వలు అడగరు."

"తుడిస్తే మల్ల చెప్పనట్టే గదా."

అంబదాస్ కాగితం తీసుకొని, "సరే, చెప్పు. గుజరాతీల నేను రాస్త" అన్నాడు. ఆయన గుజరాతీ అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. నేను చెప్తుంటే రాస్తూ రాస్తూ ఒకచోట ఆగాడు.

"పదకొండు రోజులేంది? నీళ్ల గిలాసల సూసింది ముప్పై తారీఖున. అంటే నాలుగు రోజులే."

"ఇరవై మూడున నాయిన గోరుతోని గీరంగనే నాకు తెల్సింది."

"అది అనుమానం."

"కాదు. తెల్సింది. అందుకే ఆయన మీద మొత్తుకున్న."

అంబదాస్ పదకొండు అని రాశాడు.

ఫిబ్రవరి 4, మంగళవారం

బోర్డు మీద తెల్ల రంగు పూసి, తెలుగు, గుజరాతీ, హిందీ మూడింటిలోనూ రాశాం. తెలుగుది ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"ఈ దుకాణంలో ఆర్గానిక్, ఫెయిర్ ట్రేడ్ కాఫీ అని పోసింది అది కాదు. జనవరి 23న నాకు తెలిసింది. తర్వాత పదకొండు రోజులు తెలిసే పోశాను. క్షమించండి. అసలైనది దొరికే వరకు ఇక్కడ కాఫీ లేదు. — సుమన."

కిశోరన్న పేరు రాయలేదు. బోర్డు నాది.

ఏడు గంటలకు షట్టర్ తీసి దాని పక్కనే నిలబడ్డాను. లోపలికి పోవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. మొదట వచ్చినవాడు చదవకుండానే కాఫీ అడిగాడు. బోర్డు చూపించాను. చదివి, నా వంక చూసి, ఎదురుగా చాయ్ బండి దగ్గరికి పోయాడు. తర్వాత ఇద్దరు కాలేజీ పిల్లలు ఫొటో తీసుకున్నారు. సంఘం పెద్దమనిషి స్కూటర్ దిగకుండానే చదివి, "గింత అవసరమా అమ్మా? లోపల లోపల సర్దుకునేది" అన్నాడు. ఒకావిడ తన బాబుకు రోజూ రెండు చెంచాలు తాగించేదాన్నని, అందులో ఏం కలిసిందో చెప్పమని నిలదీసింది. చికోరీ అని, అది విషం కాదని, కానీ తనకు చెప్పకుండా పోయడం తప్పని చెప్పాను. ఆమె శాంతించలేదు. ఎందుకు శాంతించాలి?

నాయినతో పాటు మగ్గాల మీద పనిచేసిన లస్మయ్య కాకా చేతులు వెనక కట్టుకొని మొత్తం చదివాడు. "నేను నాలుగు చెంచాల చక్కెరేసుకొని తాగుత. నాకేం తెల్వలేదు సుమనా" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేశాడు. ఇడ్లీ తిని వెళ్లాడు.

శ్రీప్రియ ఎనిమిదిన్నరకు వచ్చింది. నిలబడి రెండుసార్లు చదివింది.

"నా ఫ్రెండ్‌కి మీ పేరు చెప్పానండీ."

"అవును."

"కెమెరా పాడైందన్నారు."

"అబద్ధం చెప్పిన."

ఆమె వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నాయిన వచ్చాడు. నాలుగో తరగతి దాకా చదివిన తెలుగుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఇరవై మూడు దగ్గర వేలు పెట్టి ఆగాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చొని తప్పయిందన్నాను. ఆయనకు వినపడిందో లేదో తెలియదు.

"పేరు రాసినవు" అన్నాడు. "కింద నీ పేరు రాసినవు బిడ్డా. మంచిగున్నది."

ఇప్పుడు ఇది రాస్తుంటే కాళ్లు లాగుతున్నాయి. పేపర్లో ఫొటో పడిన రోజు ఉన్న గర్వం కాదు ఇది. అది ఊరికే వచ్చింది, ఇది ఊరికే రాలేదు.

ఫిబ్రవరి 8

చాయ్ మాత్రమే. ఈ వీధిలో ఇప్పటికే నాలుగు చాయ్ బండ్లున్నాయి. నాది అయిదోది.

ఫిబ్రవరి 10

కూరగాయల దగ్గర కిశోరన్న భార్య మంగ ఎదురుపడి ముఖం తిప్పుకుంది. పిలిచాను. పలకలేదు.

ఫిబ్రవరి 11

శ్రీప్రియ నుంచి మెసేజ్. ఒక ఫోన్ నంబరు, కింద "అరకు వైపు రైతుల సంఘం" అని మాత్రమే ఉంది. నమస్కారం లేదు, కుశలం లేదు. పదిసార్లు తీసి చూసుకున్నాను.

ఫిబ్రవరి 13

కాఫీ ఎన్నుకోవడం ఇంత కష్టమని తెలియదు. మాల్ నుంచి ఒక డబ్బా తెచ్చుకున్నాను. దాని మీద అన్ని గుర్తులూ ఉన్నాయి, నంబరు కొడితే కాఫీ అనే వచ్చింది. అబద్ధం కాదు. నీళ్లలో చల్లితే తేలింది. వాళ్లకు ఫోన్ చేసి, పండించిన వాళ్లకు ధర ఎలా ఇస్తారని అడిగితే ఒకమ్మాయి మర్యాదగా, "అన్ని వివరాలూ మా వెబ్‌సైట్‌లో ఉన్నాయి మేడమ్" అంది.

శ్రీప్రియ ఇచ్చిన నంబరుకు చేస్తే సంఘం ఆఫీసాయన దొరికాడు. సర్టిఫికెట్లన్నీ పంపాడు. ఎన్ని కేజీలు కావాలన్నాడు. పన్నెండన్నాను. "అంత తక్కువ పంపలేమమ్మా. మావన్నీ గోతాల లెక్క" అన్నాడు.

నాయినకు రెండూ చెప్పాను. ఆయన ఒక్కటే అన్నాడు. "మా దగ్గర బట్ట మీటర్లు శేటు మనిషే కొలిచెటోడు. ఆయన ఎంతంటే గంత. ఆడ తూకం ఎవరేస్తరో అడుగు బిడ్డా."

నేను సర్టిఫికెట్లు చదువుతూ కూర్చున్నాను కానీ ఈ మాట నాకు తట్టనేలేదు.

ఫిబ్రవరి 15

ఆఫీసాయన్ని వదల్లేదు. పండించే మనిషితో మాట్లాడాలన్నాను. విసుక్కుంటూనే ఒక నంబరు ఇచ్చాడు. పాంగి సన్యాసమ్మ. సిగ్నల్ కోసం ఆమె గుట్ట ఎక్కి మాట్లాడుతోందట, గాలి హోరు వినిపించింది. నాయినకు వినపడేలా స్పీకర్ పెట్టాను.

"సూరత్తా? అదెక్కడమ్మా?"

"చీరలు నేసే ఊరు."

"ఓహో, చీరలా. సెప్పమ్మా."

"తూకం ఎవరేస్తరమ్మా మీ దగ్గర?"

ఆమె నవ్వింది. "భలే అడిగావు. ఇన్నేళ్లలో ఎవలూ అడగనేదు. మా ఊర్లోనే ఏస్తారమ్మా. కాటా కాడ సంఘం మనిషి ఒకరు, మా ఆడోళ్లలో ఒకరు. ఈ ఏడు నేనే. ముందు షావుకారు వచ్చి బుట్టల్లెక్కన తీసుకుపోయేవోడు. ఇప్పుడు కాటా ముల్లు నేను సూసి సెప్తే గాని పుస్తకంలో రాయరు. రాసేక నేను సంతకం పెడతాను. ఏలిముద్ర కాదు."

నాయిన నా చేతిలోంచి ఫోన్ తీసుకొని దగ్గరగా పెట్టుకున్నాడు. "మందులు కొట్టరా అమ్మా?"

"కొట్టం బాబూ. కాయ తొలిసే పురుగుకి సెట్లకి ఎర డబ్బాలు కడతాం. రాలిన కాయ ఒక్కటుండకుండా ఏరాల. నడుం పోద్ది. మందు కొట్టుకుంటే ఒక పూట పని. అయినా కొట్టం. నీళ్లు కిందకి పోతాయి కదా, అవే తాగుతాం."

పన్నెండు కేజీల సంగతి చెప్పాను. మా బోర్డు సంగతీ చెప్పాను, దాచకుండా.

"మా కొండ పేరు సెప్పి ఇంకోటి అమ్మారన్నమాట."

"అవునమ్మా."

"ఇప్పుడు అమ్మడం నేదు కదా?"

"లేదు."

"ఆఫీసుకి నేను సెప్తాను. పన్నెండు కేజీలకి గోతం ఎందుకు, సంచీ సాలు. నేనే కుట్టి పంపుతాను."

ఎన్నుకోవడం అయిపోయింది.

ఫిబ్రవరి 27

సంచీ వచ్చింది! వేయించిన గింజలు. అంబదాస్ పొడి చేసే పాత మర ఒకటి తెచ్చి, మగ్గం మోటారు బిగించి, రెండు రోజులు దానితో కుస్తీ పట్టాడు. కిశోరన్నతో విడిపోయినప్పటి నుంచి ఆయన మాట తగ్గింది. ఈ రోజు మర తిరిగి, వాసన గది నిండా లేవగానే, "సూడు!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

మార్చి 1, శనివారం

మళ్లీ కాఫీ. బోర్డు మీద ఊరి పేరు, రైతుల సంఘం పేరు, సర్టిఫికెట్ నంబరు రాశాం. నీళ్ల గ్లాసు, చెంచా బల్ల మీద పెట్టాను, కావాలంటే ఎవరైనా చల్లి చూసుకోవచ్చు.

లస్మయ్య కాకా మొదటి గుటక తాగి, "గిదేంది సుమనా, పల్సగున్నది? మునుపటిదే చిక్కగుండె" అన్నాడు.

"ఆ చిక్కదనం చికోరీది కాకా. కాఫీ అంటే ఇదే."

ముఖం అదోలా పెట్టాడు. రెండోసారి చక్కెర తక్కువ వేయించుకున్నాడు. బాగుందని మాత్రం అనలేదు. సగం మందికి నచ్చలేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాను, ఎంత రద్దీలోనైనా. గొంతు పోయింది.

శ్రీప్రియ వచ్చి, బల్ల మీది గ్లాసులో చెంచా పొడి చల్లి, చేతులు కట్టుకొని చూసింది. నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను, ఒక్క క్షణం కూడా భయపడలేదు. పొడి తేలుతూనే ఉంది. "ఒకటి పోయండి" అంది.

మార్చి 22

సన్యాసమ్మ ఫోన్ చేసింది. ఈసారి తనంతట తనే.

ఫెయిర్ ట్రేడ్ కింద అమ్మినప్పుడు కాఫీ ధర కాకుండా సంఘానికి పైన కొంత వస్తుందట. దాంతో ఏం చేయాలో రైతులే కూర్చొని చేతులెత్తి తేల్చుకుంటారు. నిన్న ఆ మీటింగ్ జరిగింది. మగవాళ్లు ఆఫీసుకు కొత్త గది కావాలన్నారు, ఆడవాళ్లు కాయలు ఆరబెట్టే కళ్లానికి కప్పు కావాలన్నారు. ఆడవాళ్లే గెలిచారు. చెప్తూ ఆమె గొంతు ఎంత పొంగిపోయిందో!

"ముందు కొన్నోళ్ల పేర్లన్నీ సదివారమ్మా. పెద్ద పెద్ద కంపెనీలు, ఏవో దేశాలు. ఆకరున మీ పేరు. సూరత్, సుమన, పన్నెండు కేజీలు. అందరికన్నా సిన్న బేరం మీదేనట."

"నవ్విన్రా అందరు?"

"నవ్వనేదు. ఆ సంచీ నేనే కుట్టానని లేచి నిలబడి సెప్పాను. తూకం ఎవలేస్తారని అడిగిన మనిషి ఈవిడేనని కూడా సెప్పాను. మావోళ్లు సప్పట్లు కొట్టారు. ఈసారి ఎన్ని కేజీలమ్మా?"

పక్కన అంబదాస్ చేతి వేళ్లతో పదిహేను చూపించాడు.

"పదిహేను."

"మళ్లీ ఆకరే కదమ్మా!" అని సన్యాసమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఏమైందని నాయిన సైగ చేస్తే, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. "అందరి కంటె ఆఖరు పేరు మనదే నాయినా!"

ఆయన తల పైకెత్తి, మీసం సవరించుకున్నాడు.